చీమ కాదు: పొదలకూరు నిమ్మతోటలో ఉచ్చులతో, డీఎన్‌ఏతో చేసిన పురుగుల సర్వే

నెల్లూరు జిల్లా పొదలకూరు మండలంలో ఆరెకరాల నిమ్మతోట. తోట వెనక ఒక రాతిగుట్ట, దాని మీద బలుసు, రేగు, తుమ్మ, తంగేడు. ముందు వైపు చెరువు కాలవ. నేల ఎర్రది, పారతో తవ్వితే అభ్రకం పలుకులు మెరుస్తాయి. ఆ తోట మా పూర్వ విద్యార్థి ఒకరి తండ్రిది. 2023 వేసవిలో వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆయన అడిగిన ప్రశ్నతో ఈ పని మొదలైంది.

"సార్, నేను మందు కొట్టేది నాలుగింటి కోసం. ఆకు తొలిచే పురుగు, సిల్లా, మంగు నల్లి, సీతాకోక గొంగళి. మరి ఆ మందు మొత్తం ఎన్ని రకాల మీద పడతా ఉందో ఎవరన్నా లెక్క చూశారా?"

నేను జువాలజీ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నిమ్మకు నష్టం చేసే పురుగుల పేర్లు ఏ వ్యవసాయ పుస్తకం తెరిచినా దొరుకుతాయి. నిమ్మతోటలో బతికే పురుగులన్నిటి పేర్లు దొరకవు. ఆ రోజు "చూద్దాం అన్నా" అని వచ్చేశాను కానీ, దారి పొడుగునా అదే ఆలోచన.

అప్పటినుంచి రెండు సీజన్లు అక్కడ పని చేశాం. ఉచ్చులతో పురుగులను పట్టడం, వాటి డీఎన్‌ఏ చదివించి ఏది ఏ జాతో తేల్చడం, ఇదీ పని. నేను, ఇద్దరు ఎమ్మెస్సీ విద్యార్థులు, తోట యజమాని, తోటకు కాపలా ఉండే ఒక యానాది పెద్దాయన. మొదటి సీజన్‌లో పట్టిన నమూనాల్లో ఎక్కువ భాగం పాడు చేసుకున్నాం. రెండోసారి చాలావరకు నిలబెట్టుకున్నాం. ఇలాంటి సర్వే చేద్దామనుకునే వాళ్లకు పనికొస్తుందని రెండూ రాస్తున్నాను. ల్యాబ్‌లో ఏం చేయాలో నేర్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఉచ్చులో పురుగు పడ్డాక మొదటి ఒకటి రెండు రోజుల్లో దానికి ఏమవుతుందో చెప్పేవాళ్లు తక్కువ. మా ఫలితం మొత్తం ఆ రెండు రోజుల దగ్గరే తేలిపోయింది.

ఉచ్చులు

ఏ ఒక్క ఉచ్చూ అన్నిటినీ పట్టదు. ఎగిరేది ఒక దాంట్లో పడుతుంది, నేల మీద పాకేది ఇంకో దాంట్లో, కొమ్మల్లో దాక్కునేది దేంట్లోనూ పడదు. అందుకే అయిదు పద్ధతులు వాడాం.

ముఖ్యమైనది మాలేజ్ ట్రాప్. స్వీడన్ శాస్త్రవేత్త రెనే మాలేజ్ 1930ల్లో తయారు చేసిన డేరా ఇది. తన గుడారంలోకి దూరిన పురుగులు పైకి పాకి, మూలన ఉన్న చిన్న చిరుగులోంచి బయటికి పోవడం చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. మధ్యలో నల్ల వల గోడ నిలబడి ఉంటుంది, పైన ఒక వైపుకు ఎత్తుగా తెల్లటి కప్పు. ఎగురుతూ వచ్చిన పురుగు గోడకు తగులుతుంది. చాలా పురుగులు అడ్డు తగిలితే వెలుతురు వైపుకు, పైకి పోతాయి. అలా పోయి పోయి కప్పు చివర బిగించిన ఆల్కహాల్ బాటిల్లో పడతాయి. కొనాలంటే ధర ఎక్కువ. నెల్లూరు చిన్నబజారులో దోమతెర గుడ్డ కొని, దర్జీ దగ్గర కూర్చుని కుట్టించుకున్నాం. గోడ గుడ్డ నలుపే ఉండాలి, కప్పు తెలుపే ఉండాలి. దర్జీ మొదట మొత్తం తెల్లగుడ్డతో కుడతానన్నాడు. పురుగుకు గోడ కనపడకూడదు, కప్పు వెలుతురుగా కనపడాలి అని చెబితే అర్థం చేసుకుని చక్కగా కుట్టాడు.

దీన్ని ఎక్కడ కట్టాలనేది తోట యజమానికే బాగా తెలుసు. నేను తోట మధ్యలో కడదామనుకున్నాను. ఆయన గుట్టకూ తోటకూ మధ్య ఉన్న ఖాళీ చూపించి, "పొద్దున పూట ఈగా దోమా అన్నీ ఈ సందులో నుంచే వస్తాయి సార్" అన్నారు. పురుగులు ఎగిరే దారికి అడ్డంగా గోడ ఉండాలని పుస్తకాలూ చెబుతాయి. ఆ దారి ఏదన్నది మాత్రం ఆ నేల మీద రోజూ తిరిగే మనిషే చెప్పాలి.

రెండోది గుంట ఉచ్చు. ప్లాస్టిక్ గ్లాసును అంచు సరిగ్గా నేల మట్టానికి వచ్చేలా పాతిపెట్టడం, అంతే. అంచు వెంట్రుకవాసి పైకున్నా చీమ పక్కనుంచి తిరిగిపోతుంది. వాన పడకుండా మూడు రాళ్ల మీద ఒక పెంకు. లోపల పడ్డ పురుగు కుళ్లిపోకుండా ఉంచే ప్రొపిలిన్ గ్లైకాల్ అనే ద్రవం, ఒక చుక్క సబ్బునీళ్లు. సబ్బు లేకపోతే తేలికైన సాలెపురుగులు పైపొర మీద నిలబడి తప్పించుకుంటాయి. కారు రేడియేటర్లలో పోసే కూలెంట్ చవగ్గా దొరుకుతుంది కదా అని కొందరు అదే పోస్తారు. దయచేసి ఆ పని చేయకండి. కూలెంట్లలో ఎక్కువగా ఉండే ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, మేకలూ కుక్కలూ తాగి చనిపోతాయి. బల్లులు, కప్పలు పడకుండా గ్లాసు నోటికి పెద్ద కన్నాల ఇనుప జల్లెడ కూడా పెట్టాం. మొదటి రోజు అది పెట్టలేదు. మర్నాడు పొద్దున ఒక గ్లాసులో చచ్చిపోయిన చిన్న కప్ప కనపడింది. అప్పటినుంచి జల్లెడ లేకుండా ఒక్క గ్లాసు కూడా పాతలేదు.

మిగతావి సులువు. చిన్న కందిరీగల కోసం పసుపు గిన్నెలు. రాత్రి పురుగుల కోసం తెల్ల దుప్పటి కట్టి దాని ముందు ఊదా కాంతి లైటు. ఇది అమావాస్య చుట్టుపక్కల రోజుల్లోనే పెట్టాం, ఎందుకంటే వెన్నెల ఉన్న రాత్రి లైటుకు వచ్చేవి బాగా తగ్గిపోతాయి. ఇక కొమ్మల్లో ఉండే సాలెపురుగుల కోసం పాత గొడుగు. నిమ్మకొమ్మ కింద గొడుగు తిరగేసి పట్టుకుని, కర్రతో కొమ్మను రెండు దెబ్బలు కొడితే చాలు, సాలెపురుగులు గొడుగులో రాలతాయి. మాలేజ్ డేరాలో సాలెపురుగులు తక్కువ పడతాయి కాబట్టి ఈ గొడుగే మాకు దిక్కయింది.

అన్ని ఉచ్చులూ పట్టా భూమిలోనే పెట్టాం. రిజర్వు ఫారెస్టులో గ్లాసు పాతాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం నమూనాలు విదేశీ ల్యాబ్‌కు పంపాలంటే చెన్నైలో ఉన్న జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దాకా వెళ్లాలి. మేం సీక్వెన్సింగ్, అంటే డీఎన్‌ఏ అక్షరాల వరస చదివించడం, హైదరాబాద్‌లోనే చేయించాం. పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉంటుంది, వాళ్లకు ముందే ఒక కాగితం ఇచ్చి పని మొదలుపెట్టడం మంచిది.

మొదటి సీజన్‌లో పోగొట్టుకున్నది

2023 అక్టోబర్‌లో డేరా కట్టాం. మా జిల్లాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి కాబట్టి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పురుగులు బాగా తిరుగుతాయని అంచనా.

మొదటి వారం బాటిల్ చూస్తే నిండుగా ఉంది. ఎంతో సంతోషపడ్డాం. కాలేజీకి తెచ్చి ట్రేలో పోస్తే సగానికి పైగా ఒకటే రకం: ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు. డేరా తాడును వేపచెట్టుకు కట్టాం, ఆ చెట్టు మీద వాటి గూళ్లు ఉన్నాయి. తాడు మీదుగా బారులు తీరి వచ్చి బాటిల్లో పడ్డాయి. తర్వాత వారం నుంచి తాళ్లకు జానెడు మేర గ్రీజు పూశాం. ఆ బెడద తీరింది.

అంతకన్నా పెద్ద తప్పు బాటిల్లోనే ఉంది. స్వచ్ఛమైన ఇథనాల్ కొనాలంటే ఎక్సైజ్ అనుమతి కావాలి. ఆ కాగితాలు కదిలేలోగా సీజన్ దాటిపోతుందన్న టెన్షన్‌తో, ఒక దుకాణంలో దొరికిన స్పిరిట్ తెచ్చి పోశాను. ఆ నిర్ణయం నాదే. అందులో నీళ్లు ఎంత, కలిపిన మందులు ఏమిటి అని నేను సరిగ్గా కనుక్కోలేదు. పైగా పురుగు ఒంట్లో కూడా నీరు ఉంటుంది. బాటిల్ నిండేకొద్దీ ఆ నీరు స్పిరిట్‌లోకి దిగి, అది ఇంకా పలచబడుతుంది. అక్టోబర్ ఎండలో డేరా కొసన వేలాడే బాటిల్ మధ్యాహ్నానికి వేడెక్కుతుంది. పలచని స్పిరిట్, వేడి, వారం రోజులు. డీఎన్‌ఏ ముక్కలు ముక్కలు కావడానికి ఇవి చాలు. బయటికి మాత్రం పురుగులు చక్కగానే కనపడతాయి. రెక్కలు, కాళ్లు, రంగు అన్నీ ఉంటాయి. అందుకే మాకు అనుమానం రాలేదు.

ఇంకొక తప్పు లేబుళ్లు. మా విద్యార్థి అందమైన చేతిరాతతో తేదీ, ఉచ్చు నంబరు బాల్‌పెన్‌తో రాసి బాటిల్లో వేశాడు. సిరా కరిగి కాగితం నీలంగా మిగిలింది. ఏ బాటిల్ ఏ గ్లాసుదో మూడు చోట్ల తెలియకుండా పోయింది. వాటిని వాడకూడదని పక్కన పెట్టాం. ఆ అబ్బాయి చాలా బాధపడ్డాడు. వాడి తప్పేం లేదు, పెన్సిల్‌తో రాయాలని చెప్పాల్సిన వాణ్ణి నేను.

లేబుల్ విలువ ఎంతో చెప్పే కథ మన పక్కనే ఉంది. నీలిరంగులో మెరిసే పెద్ద సాలెపురుగు ఒకటుంది, శాస్త్రీయ నామం పోసిలోథీరియా మెటాలికా. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త ఒకే ఒక్క నమూనాతో దానికి పేరు పెట్టాడు. అది దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. కలపతో పాటు రైల్లో ఎక్కడినుంచో వచ్చి ఉండాలి. ఆ అసలు చోటు తెలియక వందేళ్లు గడిచాయి. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో అది మళ్లీ కనపడింది. ఇప్పటికీ ఇంగ్లిష్‌లో దాన్ని గుత్తి పేరుతోనే పిలుస్తారు, దాని ఇల్లు మాత్రం నల్లమల. ఆ కథ తరగతిలో ఎన్నోసార్లు చెప్పిన నేను, నా బాటిళ్ల దగ్గర జాగ్రత్త పడలేదు.

డిసెంబర్ మొదటి వారంలో మిచౌంగ్ తుఫాను వచ్చింది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ, అంతకు ముందే నెల్లూరును ముంచెత్తింది. డేరా గుట్ట కింద తుమ్మచెట్టు ముళ్లల్లో చీలికలై దొరికింది. గ్లాసులన్నీ బురదతో నిండిపోయాయి. తోట యజమానికి జరిగిన నష్టం ముందు మాది ఎంత. చెట్లు పడిపోయి ఉంటే, మేం ఉచ్చుల సంగతి ఎత్తకుండా రెండు రోజులు ఆయనతో పాటు మట్టి ఎగదోసి చెట్లు నిలబెట్టి వచ్చాం.

అప్పటిదాకా పోగయిన వాటిలోంచి 95 నమూనాలు ల్యాబ్‌కు పంపాం. నాలుగో వంతు కూడా చదవడానికి రాలేదు.

రెండోసారి

2024లో ముందు ఎక్సైజ్ కాగితాలు పూర్తి చేశాం. కాలేజీ పేరుతో 95 శాతం పైన ఉన్న ఇథనాల్ వచ్చాకే డేరా మళ్లీ కుట్టించాం. సెప్టెంబర్‌లో కట్టాం.

ఈసారి బాటిల్ వారానికోసారి కాదు, మూడు రోజులకోసారి మార్చాం. తెచ్చిన రోజే పాత ఆల్కహాల్ వంచేసి కొత్తది పోశాం, మర్నాడు ఇంకోసారి మార్చాం. పురుగు ఒంట్లోంచి దిగే నీరంతా ఆ రెండు మార్పుల్లో పోతుంది. బాటిల్ చుట్టూ తడి గోనెగుడ్డ కట్టి వేడి తగ్గించాం. ఈ ఉపాయం పెద్దాయనది, కుండ నీళ్లు చల్లగా ఉండాలంటే అలాగే కదా చుడతారు. పొద్దున ఒకసారి, మిట్ట మధ్యాహ్నం ఒకసారి ఆయనే గుడ్డ తడిపేవారు. కాలేజీకి వచ్చాక అన్నీ ఫ్రిజ్‌లో. లేబుళ్లు మందపాటి కాగితం మీద పెన్సిల్‌తో రాసి బాటిల్ లోపల వేశాం. ఊరు, ఉచ్చు, జీపీఎస్, తేదీ, పట్టిన వారి పేరు. దాని కింద "స్థానికులు చెప్పింది" అని ఇంకో గడి. ఈ చివరి గడి పెడదామన్నది మా విద్యార్థిని. తను ఎందుకు అడిగిందో అప్పుడు నాకు పూర్తిగా అర్థం కాలేదు, సరే అన్నాను.

ల్యాబ్‌కు పంపడం కూడా ఆలోచించి చేశాం. అంత గాఢమైన ఇథనాల్‌కు నిప్పు అంటుకుంటుంది, కొరియర్ల వాళ్లు తీసుకోరు. కాళ్లు తీసి ప్లేటులో పెట్టాక పైన ఆల్కహాల్ ఆరిపోనిచ్చి, మూత బిగించి, థర్మోకోల్ పెట్టెలో నేనే స్వయంగా తీసుకెళ్లి ఇచ్చి వచ్చాను.

ప్లేటు అంటే 96 చిన్న గుంతలున్న ప్లాస్టిక్ పలక. 95 గుంతల్లో ఒక్కో పురుగు కాలు, ఒక గుంత ఖాళీ. ఖాళీ గుంతలో కూడా ఏదైనా డీఎన్‌ఏ కనపడితే ఎక్కడో కలుషితమైందని అర్థం. ఒక్కో కాలు తీశాక పట్టకారును ఆల్కహాల్‌లో ముంచి దీపం మంటలో కాల్చాలి. ముందు పురుగు రెక్క పొడి అంటుకుంటే తర్వాతి దానికి దీని పేరు వచ్చేస్తుంది. రెండు ప్లేట్లు నింపడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. కళ్లు మండిపోయేవి. ఒక్కో పురుగునూ కాలు తీయకముందే ఫొటో తీశాం, కాలు పోయిన శరీరాన్ని అదే నంబరుతో చిన్న సీసాలో దాచాం. నా దృష్టిలో శరీరమే అసలు దస్తావేజు. డీఎన్‌ఏ దాని నకలు మాత్రమే.

ఒక్క కాలు ఎలా సరిపోతుందని తోట యజమాని అడిగారు. మేం చదివేది కణం మధ్యలో ఉండే జన్యువును కాదు. మైటోకాండ్రియాలో ఉండే సీఓఐ అనే జన్యువును. ఒక కణంలో మైటోకాండ్రియాలు వందల్లో ఉంటాయి కాబట్టి చిన్న కాలు ముక్కలో కూడా దాని నకళ్లు బోలెడు దొరుకుతాయి. ఆ జన్యువులో 658 అక్షరాల ముక్కను చదివితే చాలావరకు ఒక జాతికీ ఇంకో జాతికీ తేడా పట్టుకోవచ్చని 2003లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించింది. దుకాణంలో సరుకు మీద నల్లగీతల్ని చదివినట్టే అని దానికి డీఎన్‌ఏ బార్‌కోడ్ అని పేరు పెట్టారు. చదివిన అక్షరాలను బోల్డ్ అనే అంతర్జాతీయ భాండాగారంతో పోల్చి చూస్తాం. దగ్గరి పోలిక ఉన్నవాటిని అది ఒక గుంపుగా చేర్చి నంబరు ఇస్తుంది. ఆ నంబరుకు పేరు ఉండాలంటే, ఎవరో ఒకరు ఆ పురుగును ముందే సరిగ్గా గుర్తుపట్టి దాని బార్‌కోడ్ అక్కడ పెట్టి ఉండాలి.

బాటిల్ మొత్తాన్ని ఒకేసారి నూరి అందులోని డీఎన్‌ఏ అంతా చదివించే పద్ధతి కూడా ఉంది. చవక, వేగం. కానీ జాబితా వస్తుంది తప్ప ఏ పేరు ఏ శరీరానిదో తెలియదు. తోట యజమానికి చూపించడానికి నాకు శరీరం కావాలి.

ఏం తేలింది

రెండో సీజన్ ప్లేట్లలో ఎక్కువ భాగం చక్కగా చదవడానికి వచ్చాయి. సీతాకోకలు, తూనీగలు, పెద్ద చీమలు, తేనెటీగలకు పేర్లు సులువుగా దొరికాయి. జుంటితేనె పెట్టే చిన్న ఈగ, గండుచీమ, నిమ్మ సీతాకోకచిలుక, ఇవన్నీ మేం కంటితో పెట్టిన పేర్లే. వాటి మీద డబ్బు ఖర్చు చేయాల్సిన అవసరం లేదు. ఇంకోసారి చేస్తే వాటిని ప్లేటులో పెట్టను.

చీమల్లో ఒకదాని దగ్గర మాత్రం ఆగిపోయాను. తల, పొట్ట నలుపు, మధ్యభాగం ఎరుపు ఉండే చెట్టుచీమ, టెట్రపొనెరా రూఫోనైగ్రా. పేరు పక్కన "జెర్డన్, 1851" అని ఉంది. థామస్ జెర్డన్ 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన మనిషి. ఇక్కడి యానాదులతో తిరిగి పక్షుల గురించి, జంతువుల గురించి చాలా తెలుసుకున్నాడు. దక్షిణ భారత చీమల మీద ఆయన రాసిన జాబితా వచ్చింది 1851లోనే. మా విద్యార్థులిద్దరికీ ఈ సంగతి తెలియదు. పెద్దాయనకు చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మా వాళ్ల పేర్లు రాశాడా ఆ దొర?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను.

సాలెపురుగుల దగ్గర డీఎన్‌ఏ నిజంగా ఆదుకుంది. సాలెపురుగు జాతిని కచ్చితంగా చెప్పాలంటే పెద్దదై ఉండాలి. ఆడదాని పొట్ట కింద ఉండే జననాంగ పలక ఆకారం, మగదాని నోటి పక్క స్పర్శాంగాల కొసలు, వీటితోనే గుర్తుపడతారు. పిల్లల్లో అవి ఇంకా ఏర్పడవు. గొడుగులో రాలినవాటిలో ఎక్కువ పిల్లలే. కంటితో చూస్తే "ఎగిరే సాలెపురుగు పిల్ల" అని రాసి ఊరుకోవడమే. పెద్దవాటి కాళ్లూ, పిల్లల కాళ్లూ ఒకే ప్లేటులో పెట్టాం. అక్షరాలు కలిసిన చోట పిల్లకు కూడా జాతి తేలింది. నిమ్మ చిగుళ్ల మీద కాళ్లనిండా ముళ్లతో పరుగెత్తే ఆకుపచ్చ లింక్స్ సాలెపురుగు పిల్లలు తోటలో ఎంత ఎక్కువగా ఉన్నాయో అలా బయటపడింది.

అక్కడే ఒక పాఠం కూడా నేర్చుకున్నాం. ఒక మరీ చిన్న సాలెపురుగుకు కాలు తీయలేక ఒళ్లంతా వేశాం. దానికి ఈగ పేరు వచ్చింది. మొదట ప్లేటు తారుమారైందనుకున్నాం. అది తిన్న ఈగ డీఎన్‌ఏ పొట్టలో ఉండి, దాని సొంత డీఎన్‌ఏను మించి చదవబడింది. అలాగే రెండు కందిరీగలకు బ్యాక్టీరియా పేరు వచ్చింది. ఓల్బాకియా అనే బ్యాక్టీరియా ఎన్నో పురుగుల కణాల్లోపలే బతుకుతుంది, ఒక్కోసారి పురుగు జన్యువు బదులు దాని జన్యువే నకలు తీయబడుతుంది. ఫొటో, శరీరం రెండూ దగ్గర ఉన్నాయి కాబట్టి ఈ మూడూ తప్పని వెంటనే తెలిసింది. కేవలం పట్టిక చూసుకుని ఉంటే ఈగల సంఖ్యలో ఒకటి కలిపేసేవాళ్లం.

తోట యజమాని ప్రశ్నకు దగ్గరగా వచ్చిన జవాబు ఒక మిల్లీమీటరు పొడవున్న కందిరీగది. పసుపు గిన్నెల్లో అలాంటివి చాలా పడ్డాయి, కంటికి నలకల్లా ఉంటాయి. కాలు తీయడం కుదరదు. మొత్తం ఒంటిని కణాలు కరిగించే ద్రవంలో ఒక రాత్రి నానబెట్టి, డీఎన్‌ఏ దిగాక ఒంటిని మళ్లీ ఆల్కహాల్‌లో దాచాం. వాటిలో ఒకదానికి టామరిక్సియా రేడియేటా అని వచ్చింది. 1922లో పంజాబ్ నమూనాలతో పేరు పెట్టిన జాతి. నిమ్మ చిగుళ్ల రసం పీల్చి గ్రీనింగ్ తెగులును మోసే సిల్లా పిల్లల కింద ఇది గుడ్డు పెడుతుంది, దీని పిల్ల సిల్లా పిల్లను బయటినుంచి తినేస్తుంది. సిల్లాను అదుపు చేయడానికి అమెరికాలో ఫ్లోరిడా, కాలిఫోర్నియా రాష్ట్రాలు ఇతర దేశాల నుంచి దీన్ని తెప్పించి వదిలాయి. ఇక్కడ ఎవరూ వదలకుండానే తోటలో ఉంది.

ఆయనకు భూతద్దం ఇచ్చి చిగురు మీద చూపించాను. గోధుమరంగుకు తిరిగి, ఎండి ఆకుకు అతుక్కుపోయిన సిల్లా పిల్ల తొడుగు, దాని మీద గుండ్రని కన్నం. కందిరీగ తినేసి బయటికి వెళ్లిన గుర్తు అది. ఆయన చాలాసేపు చూశారు. "ఇన్నాళ్లూ ఇది కూడా తెగులే అనుకోని మందు కొట్టాను సార్" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అయితే అదే రోజు ఆయనకు ఇంకో మాట కూడా చెప్పాను. ఈ కందిరీగ ఉందని తేలింది కానీ, అది ఒక్కటే సిల్లాను అదుపు చేయగలదా లేదా అని ఈ సర్వే చెప్పదు. ఉచ్చులో పడ్డ సంఖ్య కూడా తోటలో ఉన్న సంఖ్య కాదు. బాగా ఎగిరేది ఎక్కువ పడుతుంది, కదలనిది పడదు. మందు మానేయమని నేను చెప్పలేదు. కొట్టేముందు చిగుళ్లు చూడమన్నాను. ఎండిన తొడుగుల మీద కన్నాలు ఎక్కువగా ఉంటే ఆ వరసలు వదిలేయండి, గుట్ట వైపు గట్టు మీది పొదలు కొట్టేయకండి అని చెప్పాను.

పెద్దాయన మాట

ఇక అన్నిటికన్నా నాకు ఇష్టమైన ఫలితం. గుట్ట కింద గట్టినేల మీద పాతిన గ్లాసుల్లో, బొచ్చుతో, ఎర్రటి నడుము, నల్ల పొట్ట మీద తెల్ల చుక్కలున్న రెక్కల్లేని పురుగు మూడు నాలుగు సార్లు పడింది. మా విద్యార్థి దాన్ని చీమల ట్రేలో పెట్టాడు. పెద్దాయన చూసి వెంటనే చెయ్యి అడ్డం పెట్టారు.

"అది చీమ కాదు సామీ. చీమైతే బారులో పోతాది. ఇది ఒక్కటే తిరగతా ఉంటాది. కుట్టిందంటే పొద్దుగూకేదాకా మంటే."

విద్యార్థిని ఆ మాటను ఉన్నదున్నట్టు లేబుల్ మీద రాసుకుంది.

ఇంకోపక్క మాలేజ్ బాటిల్లో నల్లటి, రెక్కలున్న, కాస్త పొడుగాటి కందిరీగలు పడేవి. వాటిని వేరే ట్రేలో, వేరే రకంగా లెక్క వేశాం. రెండిటి కాళ్లూ ప్లేటులోకి వెళ్లాయి. ఫలితం వచ్చినప్పుడు గ్లాసులో పడ్డ బొచ్చు పురుగూ, డేరాలో పడ్డ రెక్కల కందిరీగా ఒకే గుంపులో, తేడా దాదాపు లేకుండా కలిసి ఉన్నాయి. మ్యూటిల్లిడే కుటుంబం. దీంట్లో ఆడదానికి రెక్కలుండవు, నేల మీద ఒంటరిగా తిరుగుతూ, మట్టిలో బొరియలు చేసుకునే తేనెటీగల, కందిరీగల గూళ్లు వెతికి వాటి పిల్లల మీద గుడ్డు పెడుతుంది. మగదానికి రెక్కలుంటాయి, కొండి ఉండదు. ఆడ మగ పోలికే ఉండదు కాబట్టి ఏ ఆడది ఏ మగదాని జోడీయో పట్టుకోవడం ఈ కుటుంబంలో పాత చిక్కు. ఒక ఉచ్చు ఆడదాన్ని పట్టింది, ఇంకో ఉచ్చు మగదాన్ని పట్టింది, 658 అక్షరాలు రెండిటినీ కలిపాయి. గ్లాసులు మాత్రమే పెట్టి ఉన్నా, డేరా మాత్రమే కట్టి ఉన్నా మాకు ఇది దొరికేది కాదు.

ఆ గట్టినేలను మళ్లీ వెళ్లి చూశాం. పెన్ను పట్టేంత బొరియలు చాలా ఉన్నాయి, పొద్దున పూట వాటిలోంచి ఒంటరి తేనెటీగలు వచ్చి తోట వైపు పోతున్నాయి. తోట యజమాని ఆ ముక్కను ట్రాక్టర్‌తో దున్ని చదును చేయిద్దామనుకున్నారట. ఇప్పుడు ఆ ఆలోచన పక్కన పెట్టారు.

భాండాగారంలో ఈ జోడీకి కుటుంబం దాకానే పేరు దొరికింది, జాతి పేరు లేదు. శరీరాలు రెండూ ఈ కుటుంబం తెలిసిన నిపుణులకు చూపించాలి. అప్పటిదాకా అది మా పుస్తకంలో ఒక నంబరు. సీసాలో, నంబరు కింద, విద్యార్థిని పెన్సిల్‌తో రాసిన లేబుల్ ఉంది. "స్థానికులు చెప్పింది" అన్న గడిలో: చీమ కాదు. ఒక్కటే తిరుగుతుంది. కుడుతుంది.